ఊడ్చినవాళ్ళ వాటా

నందిగామ బస్టాండు పక్కన షాపింగ్ కాంప్లెక్సు కట్టినప్పుడు ఊరంతా వెళ్ళి చూసి వచ్చింది. ఇరవై నాలుగు కొట్లు, ముందు సిమెంటు వరండా, అన్నిటికీ ఒకే రంగు షట్టర్లు. ఇదంతా ముందువైపు సంగతి. వెనకవైపు ఎవరూ చూడలేదు, ఎవరూ చూపించనూ లేదు. కొట్లు తెరిచి నెల తిరక్కుండానే అక్కడ మనిషెత్తు దిబ్బ లేచింది. కొట్లవాళ్ళంతా శుభ్రమైన మనుషులే. పొద్దున్నే ఎవరి కొట్టు వాళ్ళు ఊడ్చుకుని, ఆ చెత్తను పక్క కొట్టు ముందుకు నెట్టి, అగరొత్తులు వెలిగించుకుని కూర్చునేవారు. చిట్టచివరి కొట్టువాడు ఎటు నెట్టాలో తోచక వెనక్కి విసిరేవాడు. పేరు గొప్ప, ఊరు దిబ్బ అని ఊరికే అనలేదు పెద్దలు.

ఎనభై ఒకటిలో ఆ దిబ్బ దగ్గరికి ఆదెమ్మ వచ్చింది. చందర్లపాడు మనిషి. మొగుడు కృపారావు పరిటాల అవతల కంకర క్వారీలో రాళ్ళు కొట్టేవాడు. బండ జారి కుడికాలు మోకాలి కింది నుంచి పోయింది. పొలం పనికి పోతే పొద్దుగూకేదాకా రావడం కుదరదు, ఇంట్లో మంచం మీద మనిషిని వదిలి పోవడానికీ లేదు. నందిగామలో ఒక పాక చూసుకుని, చీపురొకటి కట్టుకుని, ఎవరూ పిలవకుండానే కాంప్లెక్సు వరండా ఈ చివర నుంచి ఆ చివర దాకా ఊడ్చింది. మూడు రోజులు వరసగా ఊడ్చేసరికి కిరాణా కొట్టు వెంకటరత్నానికి అనుమానం వచ్చింది. ఆయనే కొట్ల కమిటీకి ప్రెసిడెంటు.

"ఏం ఆదెమ్మా, నెలాఖరుకి జీతం అంటావేమో. కమిటీలో ఆ మాటేం లేదు మరి."

"జీతం వద్దండి. ఊడ్చినోళ్ళదే అడుగు. అది నాకొదిలెయ్యండి, చాలు."

కళ్ళంలో ధాన్యం కొలిచి బండ్లకెత్తాక అడుగున మట్టిలో కలిసిపోయిన గింజలు మిగులుతాయి. కళ్ళం ఊడ్చినవాళ్ళు వాటిని చేటలో చెరిగి ఇంటికి పట్టుకుపోతారు. రైతు అడగడు, వీళ్ళు చెప్పరు. ఆదెమ్మ తల్లి ఆ అడుగు గింజలతోనే నలుగురు పిల్లల్ని సాకింది. కళ్ళం మట్టిదైతేనేం, సిమెంటుదైతేనేం, ధర్మం ఒకటే కదా అనుకుంది ఆదెమ్మ.

వెంకటరత్నం నవ్వాడు. "చెత్తేగా. మహారాజుగా పట్టుకుపో."

ఆ మహారాజుకు ఆరు తాటాకు బుట్టలు. అట్టపెట్టెలు విప్పి, మడిచి ఒక దాంట్లో. కొబ్బరి చిప్పలు ఒక దాంట్లో, వాటిని కంసాలి కొలిముల వాళ్ళు బొగ్గుకని తీసుకునేవారు. సైకిలు షాపువాడు పారేసిన ట్యూబులు పొడుగ్గా కోసి ఉంచితే, రైతులు బండి సామాను కట్టుకోవడానికి పట్టుకెళ్ళేవారు. నూనె డబ్బాల రేకు బుడ్డిదీపాలు చేసేవాడికి. పురికొస ముక్కలు పేని దూడల పలుపులు. ఎంగిలి విస్తళ్ళు, కూరగాయల తుక్కు గేదెలున్నవాళ్ళకి, టీ పిప్పి మల్లెతోటకి. రెండు నెలల్లో దిబ్బ కరిగిపోయింది. అడుగున నాలుగు చేటల మట్టి మిగిలితే, దాన్నీ గుంటలో పోసి చదును చేసింది.

ఆరో బుట్ట మాత్రం ఎవరికీ ఇచ్చేది కాదు. అందులో టైలరు కొట్టు ముక్కలు వేసేది. జాకెట్టు గుడ్డలు, లాగు గుడ్డలు, వేలెడంతవి, జానెడంతవి. కాలు పోయాక ఆరు నెలల పాటు గోడవైపు తిరిగి పడుకున్న కృపారావు, ఒకరోజు ఆ బుట్ట తనే దగ్గరికి లాక్కున్నాడు. సూదీ దారం అడిగాడు. ముక్కకు ముక్క అతికి బొంత కుట్టడం మొదలుపెట్టాడు. రాళ్ళు కొట్టిన చేతులకు సూది పట్టడం రాక మొదట్లో వేళ్ళన్నీ పొడుచుకున్నాడు, అయినా మానలేదు. మూడో బొంత నాటికి పక్క వీధుల్లోంచి కూడా అడిగి కుట్టించుకోవడం మొదలైంది. ఆదెమ్మకు ఆ అడుగు వాటా అంటే అన్నం ఒక్కటే కాదు, తన మనిషి గోడవైపు నుంచి ఇటు తిరగడం. అది పోతే ఏమవుతుందో ఆమెకు తెలుసు. అందుకే వానొచ్చినా జ్వరమొచ్చినా ఒక్క పూట చీపురు మానలేదు.

ఇదంతా ఇలాగే సాగి ఉండేది. మధ్యలో హైస్కూలు సైన్సు మాస్టారు రామచంద్రమూర్తిగారు టీపొడి కోసం వచ్చారు.

ఆయన చెడ్డవాడేం కాదు. అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే ఆదెమ్మ జాగ్రత్త పడేది. ఆయనకు మంచితనం ఒక వ్యసనం, కొందరికి పొడుం ఉన్నట్టు. వెనకవైపు ఆరు బుట్టలు వరసగా ఉండటం చూసి ఆగిపోయారు. జేబులోంచి నోటుబుక్కు తీశారు. మూడు ఆదివారాలు వచ్చి, గోనెపట్టా మీద కూర్చుని, ఏది ఎక్కడికి పోతుంది, ఎవరు తీసుకుంటారు, ఎందుకు పనికొస్తుంది అని అడిగి రాసుకున్నారు. పుట్టి బుద్ధెరిగాక ఆదెమ్మ చెప్పిన మాటను ఎవరూ రాసుకోలేదు. అందుకని ఒక్కటి కూడా దాచుకోకుండా చెప్పింది. ఆయన మరిచిపోతే తనే గుర్తు చేసింది.

కాంప్లెక్సు పెట్టి రెండేళ్ళయిన సందర్భంగా కమిటీవాళ్ళు సభ పెట్టారు. మాస్టారు పట్టుబట్టి ఆదెమ్మను వేదిక ఎక్కించి, శాలువా కప్పించి, కొబ్బరికాయ చేతిలో పెట్టించారు. వెనక గోడకు పెద్ద చార్టు తగిలించారు. దాని మీద ఆరు బుట్టల బొమ్మలు, బాణం గుర్తులు. "దీన్ని మనం చెత్త అంటున్నాం. ఇది చెత్త కాదండీ, సరుకు" అని కర్రతో చూపిస్తూ ఒక్కొక్కటీ వివరించారు. జనం చప్పట్లు కొట్టారు. వెంకటరత్నం కూడా రెండు చప్పట్లు కొట్టి, మూడో చప్పట్లో చేతులు ఆపి, కమిటీ గుమాస్తా కామేశం వైపు చూశాడు. ఆదెమ్మ శాలువా కిందపడకుండా పట్టుకునే హడావిడిలో ఆ చూపు చూడలేదు.

పదిరోజుల తరువాత రిక్షాకు మైకు కట్టుకుని కామేశం బజారంతా తిరిగాడు. "కాంప్లెక్సు ఆవరణయందు ఏర్పడు వ్యర్థ పదార్థముల హక్కునకు ఆదివారం ఉదయం పది గంటలకు బహిరంగ వేలంపాట జరుగును."

ఆదెమ్మ విన్నది. విని, ఊడుస్తూనే ఆలోచించింది. పదార్థాలు అంటే ఆమెకు తెలిసినవి విస్తట్లో వడ్డించేవి. పెళ్ళిళ్ళలో, 'పదార్థాలన్నీ బావున్నాయి' అంటారు కదా. ఆ ముందు మాటేదో కామేశం నోట్లో నలిగిపోయి సరిగ్గా వినబడలేదు. సైకిలు స్టాండు పాట పెట్టినట్టే ఇప్పుడు కాంప్లెక్సులో టిఫిను బండి పాట పెడుతున్నారని అర్థం చేసుకుంది. టిఫిను బండి వస్తే విస్తళ్ళు పెరుగుతాయి, పాలవాళ్ళ గేదెలకి మేత పెరుగుతుంది. మంచిదే అనుకుంది. అయినా ఒకమాట అడుగుదామని కామేశం దగ్గరికి వెళ్ళింది.

"కామేశంగారండీ, పాట దేనికండీ?"

"నీకెందుకే అదంతా. ఆదివారం పెద్దవాళ్ళొస్తారు, వరండా శుభ్రంగా ఊడ్చి నీళ్ళు చల్లు."

ఆదివారం పొద్దున్నే వచ్చి శుభ్రంగా ఊడ్చింది. నీళ్ళు చల్లింది. బల్లలు తుడిచి వరసగా వేసింది. తన వాటాను తన చేతుల్లోంచి లాక్కునే పాటకు, కూర్చునే బల్లలు కూడా తనే తుడిచి పెట్టింది. ఈ మాట తరువాత ఎన్నిసార్లు తలుచుకుందో, తలుచుకున్నప్పుడల్లా ఆ తుడిచిన గుడ్డతో తన మొహమే తుడుచుకోవాలనిపించేది.

భవానీప్రసాద్ అని రెండు లారీలున్న ఆసామి వచ్చాడు. ఆయన లారీలు బెజవాడ వైపు ఖాళీగా పోతుంటాయి. ఇంకో ఇద్దరు పోటీ పాడారు. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అని కామేశం బల్ల మీద కొట్టాడు. స్తంభం పక్కన చీపురు పట్టుకుని నిలబడ్డ ఆదెమ్మ, పాట దక్కినవాడు ఇడ్లీ పెడతాడా దోసె పెడతాడా అని చూస్తోంది. భవానీప్రసాద్ మనిషి తిన్నగా వెనకవైపుకి నడిచి ఆరు బుట్టల మీద చెయ్యేశాడు.

"అవి నాయి" అంది ఆదెమ్మ.

"ఇయ్యాల్టి నుంచి కాదు. బుట్టలు కావాలంటే పట్టుకెళ్ళు, సరుకు ముట్టుకోవద్దు. ముట్టుకుంటే దొంగతనం కింద లెక్క."

ఆదెమ్మ కామేశం దగ్గరికి పరిగెత్తింది. "చెత్త పాట పెట్టారా? మరి పదార్థాలన్నారేంటండి?"

"వ్యర్థ పదార్థాలంటే చెత్తే. చెత్తకి పాట అంటే ఎవరొచ్చి పాడతారే?" అన్నాడు కామేశం, అది కూడా తెలియదా అన్నట్టు.

వెంకటరత్నం దగ్గరికి వెళ్ళింది. ఊడ్చినోళ్ళదే అడుగు అని ఆయన ఒప్పుకున్న మాట గుర్తుచేసింది. ఆయన కోప్పడలేదు. "అప్పుడు చెత్త ఆదెమ్మా. చెత్త అంటేనే ఇచ్చాను. సరుకని తెలిశాక కమిటీ సొమ్ము నేనెట్టా ధారపోస్తాను చెప్పు. నువ్వు ఎప్పట్లా ఊడుస్తుండు, ఎంతో కొంత ఇప్పిస్తాను" అన్నాడు. ఎంతో కొంత అంటే ఎంతో, ఎవరి దగ్గర ఇప్పిస్తాడో ఆయన చెప్పలేదు.

సంగతి తెలిసి మాస్టారు చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా కమిటీ గదికి వెళ్ళారు. ఇది అన్యాయం అన్నారు. వాళ్ళు కుర్చీ వేసి, కాఫీ తెప్పించి, "మాస్టారూ, తమరు చెప్పబట్టే గదండీ మాకు తెలిసింది. మీ మేలు మర్చిపోం" అన్నారు. గోడకు ఆయన చార్టే వేలాడుతోంది. కాఫీ తాగకుండా లేచి వచ్చి ఆదెమ్మ పాక ముందు నిలబడ్డారు.

"నేను మంచికే చెప్పాను ఆదెమ్మా."

"మీరు అడిగారు, నేను చెప్పా. నాదే బుద్ధితక్కువ" అంది ఆదెమ్మ. ఆయన్ని లోపలికి రమ్మనలేదు. పుణ్యానికి పోతే పాపం ఎదురైందని ఆయన నాలుగు రోజులు అన్నం సరిగ్గా తినలేదట. తినకపోతే తినకపోయారు. ఆదెమ్మ ఇంట్లో తినడానికే లేదు.

భవానీప్రసాద్ తెలివైనవాడు. అట్టలూ రేకులూ డబ్బాలూ ఏరుకుని లారీకెత్తాడు, టైలరు ముక్కలు ఇంజను తుడవడానికి వాడాడు. ఎంగిలాకులు, కుళ్ళిన కూరలు, టీ పిప్పి ఉన్నచోటే వదిలేశాడు. ఆదెమ్మ చీపురు పక్కన పడేసింది. పదిహేను రోజుల్లో కాంప్లెక్సు కంపు బస్టాండు దాకా కొట్టింది. కొనేవాళ్ళు ముక్కు మూసుకుని వచ్చి, మూసుకునే వెళ్ళిపోతుంటే వెంకటరత్నం స్వయంగా ఆమె పాకకు వచ్చాడు.

"ఆ తడి చెత్త వరకు నువ్వు తీసెయ్యి ఆదెమ్మా. అది మొత్తం నీదే. ఎవరూ అడ్డం రారు."

"దాన్ని కూడా పాట పెట్టండి బాబూ. అసలైన పదార్థాలు అయ్యేగా" అంది ఆదెమ్మ.

ఆ మాట అన్నందుకు ఒక్క పూట కడుపు చల్లబడింది. రెండో పూటకు మళ్ళీ మండింది. కృపారావు సూది గోడకు గుచ్చి, మళ్ళీ అటు తిరిగి పడుకున్నాడు. ఆ వారమే వాళ్ళు సామాను మూటగట్టుకుని ఎర్రబస్సెక్కి జగ్గయ్యపేట వెళ్ళిపోయారు. అక్కడ ఆదెమ్మ అక్క రత్తమ్మ ఉంది.

జగ్గయ్యపేటలో కూడా ఆ ఏడే ఒక కాంప్లెక్సు కట్టారు. మిర్చి వ్యాపారి ఒకాయన కట్టించాడు, ఆయన్నే కమిటీకి ప్రెసిడెంటును చేశారు. అక్కడా వెనక ఖాళీ స్థలం ఉంది, అక్కడా దిబ్బ లేచింది. మనుషులు మారారు గాని దిబ్బ మారలేదు. ఆదెమ్మ మళ్ళీ చీపురు పట్టింది. ఈసారి ఊడ్చినోళ్ళదే అడుగు అని ఎవరితోనూ అనలేదు. సరుకు అన్న మాట నోటి వెంట రానివ్వలేదు. బుట్టలు బయట పెట్టకుండా, అన్నీ గోనెసంచుల్లో వేసి, చెత్త మోస్తున్నట్టే మోసుకుపోయేది. ఐదు నెలలు గడిచాయి. ఆమె పేరేమిటని అక్కడ ఎవరూ అడగలేదు. టైలరు ముక్కలు దొరికాక నాలుగు రోజులకి కృపారావు ఇటు తిరిగాడు.

ఒకనాడు అక్కడి వాచ్‌మన్ చెప్పాడు. "రేపు నందిగామ నుంచి ఒక మాస్టారు వస్తాండంట. చెత్తలో ఏమేం ఉందో మా ప్రెసిడెంటుకి చూపెడతడంట."

ఆదెమ్మ ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చింది. ఆ చార్టుకు జిల్లాలో బహుమతి వచ్చిందని, దాన్ని చూసే ఇక్కడివాళ్ళు మాస్టార్ని పిలిపించారని ఆమెకు తెలియదు. పాట వస్తుందని మాత్రం తెలుసు. మర్నాడు తెల్లవారగానే వచ్చింది. ఐదు రోజులుగా ఎండబెట్టి మడిచి ఉంచిన అట్టల్లో నాలుగు తప్ప అన్నీ విప్పింది. వాటి మీద టీ పిప్పి కుమ్మరించింది. బక్కెట్లతో నీళ్ళు పోసింది. రేకు డబ్బాలు బురదలో దొర్లించింది, కొబ్బరి చిప్పల మీద కుళ్ళు టమాటాలు తొక్కింది. ఏరడం తప్ప కలపడం చేసి ఎరగని చేతులు, తమ పని తామే పాడుచేసుకున్నాయి. టైలరు ముక్కలు మాత్రం తడపలేకపోయింది. ఆ వారం కృపారావు ఒక పెళ్ళివారికి బొంత ఒప్పుకున్నాడు. గుడ్డముక్కల గోనెసంచిని దిబ్బ మధ్యలో పెట్టి, నాలుగు పొడి అట్టలు చుట్టూ వేసి, పైన తడి చెత్త కప్పేసింది. సంచి ఇప్పుడే ఇంటికి మోస్తే వాచ్‌మన్ విప్పి చూస్తాడేమో, వాళ్ళు వచ్చి వెళ్ళాక తీసుకోవచ్చు అనుకుంది.

పదకొండింటికి ప్రెసిడెంటూ మాస్టారూ వచ్చారు. మాస్టారు ఆదెమ్మను చూసి ఆగిపోయారు. నోరు తెరవబోయారు. ఆదెమ్మ ఆయన కళ్ళలోకి చూసింది. చేతులు జోడించలేదు, తల ఊపలేదు, ఊరికే చూసింది.

ప్రెసిడెంటు ముక్కుకు కండువా అడ్డం పెట్టుకున్నాడు. "ఏందిది, ఇంత చండాలంగ ఉంది. ఏమ్మా, నందిగామలో ఆదెమ్మని ఒకామె ఉందంట, చెత్తని బంగారం చేసిందంట. ఆమెను చూసైనా నేర్చుకోవద్దా. నీ పేరేంది?"

"రత్తమ్మండి."

"మాస్టారూ, మీరు చెప్పండి. దీన్లో సరుకేమన్నా ఉందా? పాట పెడితే ఎవరన్నా పాడతారా?"

మాస్టారు దిబ్బ చుట్టూ ఒకసారి తిరిగారు. తడిసిన అట్టలు చూశారు. ఆ అట్టలు మడతల దగ్గర నీటుగా విప్పి ఉన్నాయి, అలా విప్పే చెయ్యి ఎవరిదో ఆయనకు తెలుసు. ముప్ఫై ఏళ్ళ నౌకరీలో పిల్లలకు ఒక్క అబద్ధం చెప్పని మనిషి, ప్రెసిడెంటు వైపు తిరిగారు.

"ఏం లేదండీ. వట్టి చెత్త. దేనికీ పనికిరాదు."

 ఆదెమ్మకు ఆయన మీద ఆర్నెల్లుగా ఉన్న కోపం ఆ ఒక్క మాటకి కరిగిపోయింది. పాపం, పెద్దాయన నేర్చుకున్నాడు అనుకుంది.

"అంతేనా" అన్నాడు ప్రెసిడెంటు, నిరాశగా. "అనవసరంగా మిమ్మల్ని శ్రమ పెట్టాం. అయితే ఇంక దీన్ని ఉంచుడెందుకు, రోగాలు తప్ప? ఏమ్మా రత్తమ్మా, ఇయ్యాల్టి నుంచి ఏ రోజు చెత్త ఆ రోజు తగలబెట్టెయ్యి. ఒక్క ముక్క కూడా మిగలొద్దు. ఇదిగో, ఇది ముందు అంటించు, నా ఎదురుగానే." వాచ్‌మన్ చేత అగ్గిపెట్టె ఇప్పించాడు.

మాస్టారు కంగారుపడ్డారు. "తగలబెట్టడం ఎందుకండీ, పాపం ఆమెను పట్టుకుపోనివ్వండి."

"పనికిరాదని మీరే అన్నరు గదా మాస్టారూ. పనికిరానిది పట్టుకుపోయి ఏం చేస్తది?"

 మాస్టారు నిజం చెప్పి ఒకసారి చెడగొట్టారు, అబద్ధం చెప్పి ఇంకోసారి. మూడో మాట ఏదైనా ఉంటే బాగుండుననుకున్నారో ఏమో, చెప్పుల వైపు చూస్తూ నిలబడిపోయారు.

ఆదెమ్మ అగ్గిపుల్ల గీసింది. తడి అట్ట అంటుకోలేదు. ఇంకోటి గీసింది, పొగ వచ్చి ఆరిపోయింది. అంటుకోదులే, విసిగిపోయి వెళ్ళిపోతారులే అని ఆశపడింది. ప్రెసిడెంటు కిరసనాయిలు తెమ్మన్నాడు. వాచ్‌మన్ డబ్బా తెచ్చి దిబ్బ మీద వొంపాడు, కర్రతో నడిమికి పొడిచి అక్కడా పోశాడు. ఆదెమ్మ మూడో పుల్ల గీసింది. పైన చిటపటలాడిన మంట మెల్లగా లోపలికి పోయి, నడిమికి చేరగానే ఒక్కసారి పైకి లేచింది. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ గుడ్డపేలికలు కాలుతూ గాలికి ఎగిరాయి.

"చూసినవా, ఎంత మంచిగ అంటుకుందో" అన్నాడు ప్రెసిడెంటు, సంతృప్తిగా.

సాయంత్రం ఆదెమ్మ ఖాళీ చేతులతో ఇంటికి వచ్చింది. కృపారావు సూదిలో దారం ఎక్కించి పెట్టుకుని, గడప వైపు తిరిగి కూర్చుని ఉన్నాడు. ఆమె చేతులు చూశాడు, భుజం చూశాడు, వెనక ఏమైనా పెట్టి వచ్చిందేమోనని గుమ్మంలోకి చూశాడు.

"ముక్కలేవే?"

"చెత్తంట మావా. తగలబెట్టమన్నారు."

"ఎవరు తగలబెట్టారు?"

ఆదెమ్మ కుండలో నీళ్ళు ముంచుకుని తాగింది. కిరసనాయిలు వాసన కొడుతున్న చేతులు చీరకు తుడుచుకుంది.

"నేనే. నా చేత్తోనే అంటించా" అంది.